చింతపల్లి వానల పుస్తకం

చింతపల్లి తాలూకాఫీసులో వానలెక్క రాసిన పెద్దాయన పోయారని మొన్న ఫోనొచ్చింది. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని పెద్దయ్య అనే పిలిచేవారు. తహసీల్దార్లు ఎంతమంది వచ్చి వెళ్లినా, 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చినా, పొద్దున్న ఎనిమిదిన్నరకి తాళంచెవి పట్టుకుని ఆవరణలోకి దిగడం మాత్రం ఆయన మానలేదు. ఆయన పక్కన నిలబడి ఈ కొండల వాన గురించి నేర్చుకున్నవాళ్లం కొంతమందిమి మిగిలాం. ఆ నెలలూ ఆ లెక్కలూ మరుగున పడకముందే రాసిపెట్టాలనిపించింది.

నర్సీపట్నంలో బస్సెక్కి, ఘాట్ మలుపులన్నీ తిరిగి, లంబసింగి దాటితే చింతపల్లి. సముద్రమట్టానికి 800 మీటర్ల పైన ఉంటుంది. మన్యం అనగానే కింద మైదానంలో వాళ్లు ఏడాది పొడుగునా వాన కురుస్తుందనుకుంటారు. అదేం కాదు. ఇక్కడ ఏడాదికి దాదాపు 1,200 నుంచి 1,400 మిల్లీమీటర్లు పడుతుంది. అందులో మూడింట రెండొంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి పేజీల్లో చాలా ఏళ్లు సున్నాలే ఉండేవి. మిగిలింది వేసవి ఉరుముల వానలకీ, అక్టోబరు తుపాన్లకీ పోతుంది. ఆ మిగిలిన దాని మీదే కాఫీ, పసుపు, రాజ్మా, వలిసెల (నూనెగింజల) భవిష్యత్తంతా ఆధారపడి ఉంటుందన్నది పెద్దయ్య పదేపదే చెప్పే మాట.

ఎనిమిదిన్నర

రెయిన్‌గేజ్ అంటే వాన కొలిచే సాధనం, పెద్ద యంత్రమేం కాదు. తుప్పు పట్టని రేకుతో చేసిన గొట్టం, దాని మీద గరాటు, లోపల సీసా. గరాటు నోటికి పదునైన ఇత్తడి అంచు ఉంటుంది. ఆ నోరు అయిదంగుళాలు, అంటే 127 మిల్లీమీటర్లు. గొట్టాన్ని నేలలో పాతిన సిమెంటు దిమ్మెలో కదలకుండా బిగిస్తారు. అంచు నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో, అటూ ఇటూ వాలకుండా ఉండాలి. అంతకంటే కిందికి ఉంటే నేల మీద పడిన చినుకు ఎగిరి లోపలికొస్తుంది. మరీ ఎత్తుగా ఉంటే గాలి చినుకుల్ని పక్కకి లాక్కుపోతుంది.

తాళం తీసి, గరాటు ఎత్తి, సీసాలో నీళ్లు కొలగ్లాసులోకి వంచడం. గ్లాసుని కంటికి సమానంగా పట్టుకుని, నీటి మట్టం మధ్యలో పల్లంగా దిగుతుంది చూడండి, ఆ అడుగు గీత దగ్గర చదవడం. అంచుల దగ్గర పైకి పాకిన నీటిని చూసి చదివితే లెక్క కాస్త పెరుగుతుంది. ఒక్క గ్లాసులో పట్టకపోతే రెండోది, మూడోది, అన్నీ కూడడం. పెద్ద వాన రాత్రి సీసా నిండి పొర్లిపోతుంది. ఆ నీళ్లు బయటి గొట్టంలో చేరతాయి కాబట్టి వాటినీ కొలవాలి. ముసురు రోజుల్లో పెద్దయ్య సాయంత్రం కూడా ఒకసారి కొలిచి, ఆ అంకె కాగితం మీద రాసుకుని, మర్నాటి పొద్దుటి లెక్కలో కలిపేవారు.

“సీసా కాదు బాబూ ముందు చూడాల్సింది, గరాటు,” అనేవారు. ఆవరణ చివర సిల్వర్ ఓక్ చెట్లుండేవి. చీలికలు చీలికలుగా ఉండే ఆ ఆకు ఒక్కటి రాలి గరాటు మెడలో అడ్డం పడితే, రాత్రంతా కురిసిన నీళ్లు గరాటులోనే నిలిచి, అంచు దాటి బయటికి పోతాయి. సీసాలో చూస్తే చెంచాడే ఉంటాయి. పక్క మండలంలో గెడ్డలు (కొండవాగులు) పొంగి, ఇక్కడ రెండు మిల్లీమీటర్లు అని రాసి ఉంటే కారణం సాధారణంగా ఇదే. ఇంకొకటి, చెట్లు పెరగడం. గేజ్ పెట్టినప్పుడు పక్కన మొక్కగా ఉన్నది పదేళ్లకి మానవుతుంది. చెట్టెంత ఎత్తుంటే కనీసం అంతకి రెండింతల దూరంలో డబ్బా ఉండాలి. లేకపోతే గాలి వాటంగా వచ్చే వానకి చెట్టు అడ్డుపడి, ఏడాదికేడాది లెక్క తగ్గుతూ పోతుంది. అది చూసి వానలే తగ్గిపోయాయని జనం నమ్ముతారు.

కొలగ్లాసు పగలడం మాత్రం పెద్ద కష్టం. కొత్తది కిందనుంచి రావడానికి నెలలు పట్టేది. అప్పుడు ఆసుపత్రి నుంచి మిల్లీలీటర్ల గీతలున్న మామూలు గ్లాసు అడిగి తెచ్చేవారు. అయిదంగుళాల నోటికి 12.7 మిల్లీలీటర్లు ఒక మిల్లీమీటరు వాన. 100 మిల్లీలీటర్లుంటే 7.9 మిల్లీమీటర్లు అన్నమాట. ఈ భాగహారం తెలియకుండా, 200 చదరపు సెంటీమీటర్ల కొత్తరకం గేజ్ తాలూకు గ్లాసు తెచ్చి దీనికి వాడితే, నిజంగా 10 మిల్లీమీటర్లు పడిన చోట 6.3 అని కనిపిస్తుంది. ఏ డబ్బాకి ఆ గ్లాసే. బీరువాలో రెండు రకాల గ్లాసులూ పక్కపక్కనే ఉండే ఆఫీసుల్లో పాత రిజిస్టర్లు చదివేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తేదీ విషయం ఒకటుంది. నిన్న పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి ఇవాళ ఎనిమిదిన్నర వరకు పడినదంతా ఇవాళ్టి తేదీలో రాస్తారు. జూన్ 30 సాయంత్రం ఆకాశం విరిగిపడ్డట్టు కురిసినా అది జులై 1 ఖాతాలోకే వెళుతుంది. అందుకే జూన్‌లో బాగా కురిసిందని ఊరంతా అంటుంటే పుస్తకంలో జూన్ చిన్నగా కనబడడం కద్దు. 2.5 మిల్లీమీటర్లో అంతకు పైనో పడితేనే అది వాన పడిన రోజు కింద లెక్క. చలికాలంలో లంబసింగి వైపు నుంచి దిగే పొగమంచుకి గరాటు లోపల చెమ్మ పట్టి నాలుగు చుక్కలు దిగితే, ‘మంచు’ అని రిమార్కుల గడిలో రాసేవారు పెద్దయ్య.

రిజిస్టరు నెలలు, రైతు కార్తెలు

అంకె కిందికి పంపడంతో ఆఫీసు పని అయిపోతుంది. పెద్దయ్య పని అక్కడితో అయ్యేది కాదు. సంతరోజు కొండ మీద గూడేల నుంచి దిగినవాళ్లు ఆఫీసు మెట్ల దగ్గర ఆగి, “అయ్యా, ఆరుద్రకి ఎంత పడిందేటి?” అని అడిగేవారు. వాళ్లకి జూన్, జులై అక్కర్లేదు. మృగశిర జూన్ మొదటి వారం చివర మొదలై ఇరవయ్యో తేదీ దాకా ఉంటుంది, ఆరుద్ర అక్కడి నుంచి జులై తొలి రోజుల్లోకి వస్తుంది. ఒక కార్తె రెండు నెలల మీద పడుకుంటుంది. అందుకని ఆయన పుస్తకం అంచున పెన్సిలుతో కార్తెలవారీగా కూడా కూడి పెట్టుకునేవారు. పక్కన వాన మొదలైన గంట, ఆగిన గంట, ఉరుములున్నాయా, ముసురా, గాలి ఎటు నుంచి అన్నది రెండు మూడు మాటల్లో.

ఆ పెన్సిలు రాతల విలువ ఎంతో ఒక చిన్న లెక్కతో చెప్పొచ్చు. రెండు జూన్‌లు తీసుకుందాం, రెంటిలోనూ మొత్తం 150 మిల్లీమీటర్లే. ఒకదాంట్లో పన్నెండు రోజుల మీద పరుచుకుని పడింది. చోడి (రాగి) నారు నిలబడింది, పసుపు కొమ్ము మొలకెత్తింది. రెండోదాంట్లో రెండు రాత్రుల్లోనే మొత్తం పడిపోయింది. పోడు వాలులో మట్టి విత్తనంతో సహా గెడ్డలో కలిసి, మిగిలిన నెలంతా ఎండ కాసింది. నెల మొత్తం చూసేవాళ్లకి ఈ రెండూ ఒకే రకం జూన్. ‘సగటు వర్షపాతం’ అని అచ్చేసే పట్టికలన్నీ చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. నెల మొత్తం పక్కన వాన పడిన రోజుల సంఖ్య కూడా లేకపోతే ఆ పట్టిక రైతుకి పనికిరాదు.

ఎండల్లో వచ్చే వాన

మార్చి నెలాఖరుకి కాఫీ కొమ్మల మీద మొగ్గలు బియ్యపుగింజంత అయి, ఆకుపచ్చగా అలాగే ఆగిపోతాయి. వాటికి ఒక్క మంచి వాన కావాలి. 25 మిల్లీమీటర్లు అటూ ఇటూగా పడిందంటే, ఎకరం మీద లక్ష లీటర్ల పైచిలుకు నీళ్లు పోసినట్టు, ఎనిమిది పది రోజుల్లో తోటంతా తెల్లబడుతుంది. ఆ వాసన ఘాట్ రోడ్డు మీద బస్సు కిటికీల్లోంచి లోపలికొచ్చేది. పువ్వు రెండు మూడు రోజులే, తర్వాత గోధుమరంగు తిరిగి రాలిపోతుంది. ఆపైన రెండు మూడు వారాలకి ఇంకో వాన పడితేనే పిందె నిలుస్తుంది.

చిక్కంతా అయిదారు మిల్లీమీటర్లు పడి ఆగిపోయినప్పుడే. మొగ్గ కదులుతుంది, తెరుచుకోడానికి చాలదు. సగం విచ్చి, రేకులు గట్టిపడి నక్షత్రంలా మిగిలిన పూలకి కాయ పట్టదు. అసలు పడకపోయినా మొగ్గ కొన్నాళ్లు ఓర్చుకుంటుంది గానీ, ఇలా సగం తడిపితే ఆ ఏటి పంట దెబ్బతింటుంది. కింద మైదానంలో ఏప్రిల్ వానంటే మామిడికి గండం అంటారు, ఇక్కడ అదే వాన కోసం కాఫీ రైతు పడమటి ఆకాశం చూస్తూ కూర్చుంటాడు.

ఈ వానలు దాదాపు అన్నీ మధ్యాహ్నం తర్వాతే. పొద్దుటి ఎండకి కొండవాలులు కాగి, బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలిని పైకి లేపుతాయి. రెండింటికి తెల్లగా లేచిన మబ్బు మూడున్నరకి నల్లబడుతుంది. ముందు ఈదురుగాలి, తర్వాత లావుపాటి చినుకులు, కొన్నిసార్లు వడగళ్లు. అరగంట, గంట, అంతే. చింతపల్లిలో రోడ్డు మీద నీళ్లు పారుతుంటే లంబసింగిలో దుమ్ము లేస్తుండేది. అందుకే ఈ వేసవి నెలలకి ఒక డబ్బా లెక్క పట్టుకుని మండలమంతా ఇలాగే కురిసిందనకూడదు. పాడేరు మోదకొండమ్మ జాతర మేలో వస్తుంది. జాతరకి వెళ్లేవాళ్లు మధ్యాహ్నంలోపు అమ్మవారి దర్శనం చేసుకుని, సాయంత్రానికి ఏదో ఒక చూరు కింద చోటు చూసుకునేవారు.

మే సంతల్లోనే వానాకాలపు సరుకు కొనేవారు. ఉప్పు, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు, ఎండుచేపలు. గెడ్డ నిండాక గూడెం నుంచి సంతకి దారుండదు మరి. ఉప్పు కుండ పొయ్యి పక్కనే, నేలకి తగలకుండా ఎత్తు మీద ఉండేది, లేకపోతే ఆగస్టుకి కారిపోతుంది. విత్తనం చోళ్లూ మొక్కజొన్న కంకులూ పొయ్యి మీది అటకకి వేలాడేవి. పొగ తగిలితే పురుగు రాదు, చెమ్మ పట్టదు. వంట కట్టెలు చూరు కింద మృగశిరకి ముందే పేర్చాలి. ఒకసారి తడిసిన కట్టె ఆ కాలమంతా ఆరదు. గొడుగులు బాగుచేసేవాళ్లు కూడా ఆ రోజుల్లోనే కింద నుంచి వచ్చి బస్టాండు దగ్గర కూర్చునేవారు. విరిగిన ఊచ తీసి కొత్తది వేసి, బట్టని ఊచ కొసకి దారంతో కుట్టి, చిల్లు మీద నల్లబట్ట అతికేవారు. పొలం పనికి మాత్రం గొడుగు పనికిరాదు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా. వెదురు బద్దల మధ్య ఆకులు పరిచి అల్లిన గిడుగు తల మీంచి నడుం దాకా కప్పుకుని ఊడుపుల్లో వంగేవారు. ఇప్పుడు యూరియా సంచి ప్లాస్టిక్‌ని మూలకి మడిచి వేసుకుంటున్నారు.

ముసురు

రుతుపవనం సాధారణంగా జూన్ రెండో వారంలో తగులుతుంది. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందని సామెత. కానీ మన్యంలో జూన్ వాన ఇంకా ఉరుముల వానే, పొద్దంతా ఎండకాసి సాయంత్రం కురిసేది. అసలు ముసురు జులైలో పడుతుంది.

జులై, ఆగస్టు, సెప్టెంబరు, ఈ మూడు నెలలూ ఒక్కొక్కటి 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. ఆగస్టు చాలాసార్లు అన్నిటికంటే పెద్దది. ఆ నెలల వాన ఉధృతంగా ఉంటుందని కాదు. ఉత్తర బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి ఒడిశా మీదుగా పడమరకి కదులుతున్నప్పుడు ఇక్కడ మూడు నాలుగు రోజులు మబ్బు విడవదు. సన్నటి జల్లు, కాసేపు తుంపర, మళ్లీ జల్లు. రోజుకి పదిహేను, ఇరవై మిల్లీమీటర్లే పడుతుంది, కానీ ఇరవై నాలుగు గంటలూ పడుతుంది. రేకుల కప్పు కింద ఆ చప్పుడుకి అలవాటుపడిన చెవికి అది ఆగినప్పుడే మెలకువొచ్చేది. అల్పపీడనాలు లేక రుతుపవన ద్రోణి హిమాలయాల వైపు జరిగిపోతే వాన వారం, పది రోజులు విరామమిస్తుంది. అప్పుడు కలుపు తీయాలి. ఆ విరామం దాటిపోతే చోడిలో కలుపు పట్టుకోలేం.

బట్టలు ఆరేవి కావు, పొయ్యి పైన వెదురు గడ మీద వేసేవారు, అందరి ఒంటి మీదా పొగవాసనే. సంతలోకి వెదురు కొమ్ములు వచ్చేవి, తరిగి నీళ్లలో ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి వండాలి. దోమలు, మలేరియా జ్వరాలూ ఈ నెలల్లోనే. జ్వరంతో ఉన్నవాళ్లని డోలీలో మోసుకొచ్చేవాళ్లు గెడ్డ ఒడ్డున నీళ్లు తగ్గేదాకా నిలబడి ఉండడం నేను చూశాను, అది మర్చిపోయే దృశ్యం కాదు.

గెడ్డ గురించి పెద్దయ్య ప్రతి కొత్త ఉద్యోగికీ చెప్పేవారు: “ఇక్కడ ఎండ కాసిందని దిగిపోకు నాయనా. పైన కురిసిన నీళ్లు ఇప్పుడొస్తాయి.” కొండవాలు మీద పడిన వాన చిన్న గెడ్డలోకి గంటలోపే చేరిపోతుంది. నీళ్లు ఎర్రబడడం, పుల్లలూ ఆకులూ కొట్టుకురావడం, రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినబడడం, ఈ మూడిట్లో ఏది కనబడినా ఆగాలి. మోకాలు దాటిన పారే నీళ్లలో మనిషి నిలవలేడు. వాన ఆగాక ఎంతసేపటికి దిగుతుందన్నది ఒక్కో గెడ్డకి ఒక్కోలా ఉండేది, ఆ గూడెం వాళ్లనే అడగాలి.

ఘాట్ రోడ్డు కూడా అంతే. కొండచరియ మొదటి పెద్ద వానకి పడదు. వారం రోజుల ముసురుకి మట్టి నానిపోయి ఉన్నప్పుడు, ఆపైన వచ్చే అరవై, డెబ్బై మిల్లీమీటర్ల రాత్రికి జారుతుంది. రోడ్డు పక్క కాలువలు ఆకులతో పూడిపోయిన చోట ముందు పడుతుంది. పుస్తకం తెచ్చుకుని గత వారం మొత్తం కూడి, నర్సీపట్నం బస్సు రేపు వస్తుందో రాదో పెద్దయ్య చెప్పేవారు, చాలావరకు అలాగే జరిగేది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసింది, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆగస్టులో ఆ మూడు ఊళ్ల మధ్య దారులెలా ఉంటాయో తెలిసినవాళ్లకి ఆ మూడు తేదీలు చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

తుపాను నెల

ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు, సెప్టెంబరు నడిమికి వచ్చే ఉత్తర కార్తెకీ వాన లేకపోతే ఇక ఊరు వదలడమేనని. మన్యంలో ఆ అవసరం అరుదు, సెప్టెంబరు వాన ఇక్కడ నమ్మకమైనది. పల్లపు మడుల్లో వరి పొట్టకొచ్చేది దీంతోనే. మెట్టలో వలిసెలు ఈ తడితోనే మొలిచి, అక్టోబరు, నవంబరుల్లో వాలులన్నీ పసుప్పచ్చగా పూస్తాయి. రాజ్మా వేసిన చేలో మాత్రం నీళ్లు నిలవకూడదు, ఒక్క రోజు నిలిచినా వేరు కుళ్లుతుంది. వాలుకి అడ్డంగా కాకుండా కాస్త ఏటవాలుగా బోదెలు తీస్తారు అందుకే.

అక్టోబరుకి నమ్మకం లేదు. ఈ పేజీని సగటు కట్టడమే తప్పంటాను నేను. తుపానో వాయుగుండమో వచ్చిన ఏడాది రెండు రోజుల్లో నెలంతటి వాన పడిపోతుంది, రాని ఏడాది పేజీ సగం ఖాళీ. రెండిటినీ కలిపి సగం చేస్తే వచ్చే అంకె నిజంగా పడిన అక్టోబరు ఒక్కటీ కనపడదు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్, అరకు, అనంతగిరి వైపు కాఫీ తోటల్లో నీడకి వేసిన సిల్వర్ ఓక్ చెట్లని పెద్ద ఎత్తున పడగొట్టింది. చెట్టు మీద పడి విరిగిన కాఫీ మొక్కల నష్టం వెంటనే కనపడింది. నీడ పోయి ఆ తర్వాతి వేసవి ఎండకి ఆకు మాడడం, కలుపు పెరగడం నెమ్మదిగా వచ్చాయి. సిల్వర్ ఓక్ మళ్లీ నీడ ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు వాన లెక్కకి ఆటోమేటిక్ స్టేషన్లు వచ్చాయి, గంటగంటకీ అంకె ఫోన్లో కనిపిస్తుంది. మంచిదే, కావలసిందే. వాటిలోనూ గరాటు ఉంటుంది, దాని కింద చిన్న జంట దొప్ప. ఒక వైపు నిండగానే ఒరిగి, రెండో వైపు నిండడం మొదలవుతుంది, ఎన్నిసార్లు ఒరిగిందో యంత్రం లెక్కపెడుతుంది. కుండపోతలో దొప్ప ఒరిగే క్షణంలో పడిన నీళ్లు లెక్కలోకి రావు, గరాటులో చెత్త అడ్డుపడితే ఆగిన వాన ఇంకా కురుస్తున్నట్టు చూపిస్తుంది, లోపల చీమలు గూడు కడితే ఒరగడమే మానేస్తుంది. వారానికొకసారి ఒక మనిషి వెళ్లి గరాటు చూడాలి.

కాఫీ కోతకి నవంబరు

కాయ ఎర్రబడి కోతలు మొదలయ్యే నెల ఇది. నవంబరు వాన తక్కువే, ఏ వాయుగుండం తోకో తగిలి అయిదు, పది మిల్లీమీటర్లు. కానీ ఏడాది మొత్తంలో ఇంత నష్టం చేసే చిన్న వాన ఇంకొకటి లేదు. పండు కోసిన రోజే తోలు తీసి, జిగురు వదిలేదాకా ఒక రాత్రి నానబెట్టి, కడిగిన గింజని ఎండలో ఎండబెడతారు. మంచి ఎండుంటే వారం, పది రోజులు. కడిగిన తర్వాతి మొదటి రెండు రోజులే గండం. అప్పుడు జల్లు తగిలితే భయపడి కుప్ప పోయకూడదు, లోపల వేడెక్కి పులిసిన వాసన పడుతుంది. చూరు కింద పలచగా పరిచి, గంటకోసారి తిరగదోస్తూ ఉండాలి. సగం ఆరిన గింజనైతే కుప్ప చేసి, గోనె మీద టార్పాలిన్ కప్పొచ్చు. మంచు కురిసే వేళ కాబట్టి వాన లేకపోయినా సాయంత్రం నాలుగున్నరకే కప్పాలి, పొద్దున్న మంచు విడిచాకే తీయాలి. మట్టి నేల మీద కంటే వెదురు తడకల మీద, నేలకి మూడడుగుల ఎత్తున ఆరబెడితే కింద నుంచి గాలి ఆడుతుంది, మట్టివాసన పట్టదు. ఇన్ని చేసినా ఒక తడక తడిస్తే, ఆ గింజని విడి సంచిలో పోసి, వేరే ధరకే అమ్మేయాలి. బాగా ఆరిన దాంట్లో కలిపితే బూజు వాసన బస్తా అంతా పట్టి, కొనేవాడు మొత్తం సరుక్కి ధర తగ్గిస్తాడు.